పదికి పది వేయని చేతులు

మా క్యాంటీన్ వంటామెకూ నాకూ మొదటి నుంచీ పడదు. పటాన్‌చెరులో మందుబిళ్లలు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. నేను క్వాలిటీ విభాగంలో లెక్కలు చూస్తాను, ఆమె వంటశాలను ఏలుతుంది. ఏలుతుంది అని ఊరికే అనలేదు. ప్లాంట్ హెడ్ కూడా ఆమె చేతిలో గరిటె ఉన్నంతసేపు గొంతు తగ్గించే మాట్లాడతాడు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆమె చేసిన పప్పు తిని కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ, మర్యాదగానే ఒక సలహా ఇచ్చాను. "అక్కా, ఉప్పుకారాలు జెర కొలిచి ఏస్తే రోజూ ఒక్క తీరు ఉంటది గదా" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"సంగారెడ్డి దుకాణపోళ్ల బిడ్డవంట గదా నువ్వు. గందుకే ఉప్పుకు గూడ కాంటా తెస్తున్నవ్. పో, పోయి నీ గోలీలు తూకమేస్కో."

వరుసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. మా నాన్నకు సంగారెడ్డి బజారులో పప్పుల దుకాణం ఉండేది, కాబట్టి ఆ మాట కాదనలేను. కానీ నోరు ఉన్నది ఆమెకు ఒక్కదానికేనా? ఆ రోజు నుంచి నేను కంచం పట్టుకుని వెళ్లడం, ఆమె ఏదో ఒకటి అనడం, నేను దానికి బదులివ్వడం మధ్యాహ్న భోజనంలో ఒక వంటకంలాగే అలవాటైపోయింది. నేను సెలవు పెట్టిన రోజు ఆమెకు తోచదని ప్యాకింగ్ హాలు ఆడవాళ్లు అనేవారు. నాకు మాత్రం ఆదివారాలు హాయిగానే గడిచేవి.

ఇలా ఉండగా నిరుడు కొత్త హెచ్‌ఆర్ మేనేజర్ వచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు, ఎంబీఏ. ఎవరినైనా "మేడమ్, ఒక్క నిమిషం" అని మొదలుపెట్టి అరగంట నిలబెట్టే రకం. వచ్చిన రెండో నెలలోనే క్యాంటీన్ మీద పడ్డాడు. అవుటర్ రింగు రోడ్డు పక్కన పెద్ద వంటశాల ఒకటుందట. స్టీలు డబ్బాల్లో సర్ది వ్యాన్లలో పంపుతారట. అదే తెప్పించుకుంటే ఇక్కడ పొయ్యి అక్కర్లేదు, పొగ అక్కర్లేదు, వంటామె అక్కర్లేదు. ఆమెతోపాటు కూరలు తరిగే, గిన్నెలు కడిగే ఆడవాళ్లూ ఇంటికే.

ఆ కబురు విన్నరోజు ఆమె నాతో గొడవ పడలేదు. అదే నాకు వింతగా తోచింది. ఆమె ఊరు ఇంద్రేశం. వాళ్ల చేను ప్లాట్లుగా మారి, ఇప్పుడు అక్కడ మూడంతస్తుల ఇళ్లు లేచాయి. "చేను బోయింది, పొయ్యి ఒక్కటి మిగిలింది. గిదీ బోతే ఇంట్ల కూసోని కోడలి మొఖం నేను, నా మొఖం ఆమె చూసుకుంట ఉండాలె. ఇద్దరం పాగలైతం" అంది, వడ్డిస్తూ, ఎవరితోనో.

మేనేజర్ అన్యాయస్థుడేమీ కాదు. నా ఇష్టమో మీ ఇష్టమో కాదు, డేటా చెప్పినట్టు చేద్దాం అన్నాడు. మా ఫ్యాక్టరీలో రెండు భోజనశాలలు ఉన్నాయి. ఒకటి ప్యాకింగ్ హాలుది. అక్కడ తినేవాళ్లలో ఎక్కువమంది లక్డారం, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. నేనూ అక్కడే తింటాను. రెండోది ప్రొడక్షన్ బ్లాకుది. అక్కడ బీహార్, ఒడిశా కుర్రాళ్లు ఎక్కువ. ఒక నెలపాటు ప్రొడక్షన్ బ్లాకుకు వ్యాను భోజనం పెట్టించాడు, ప్యాకింగ్ హాలుకు ఆమె వంటే ఉంచాడు. నెలాఖరున అందరికీ చీటీలు ఇచ్చి, పేరు రాయకుండా పదికి ఎన్ని మార్కులో వేయమన్నాడు.

ఆ మార్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. మీ దగ్గర స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా. టీ-టెస్ట్ చేసిపెడతారా? సైంటిఫిక్‌గా ఉంటుంది."

టీ-టెస్ట్ మాకు రోజూ ఉండే పనే. రెండు గుంపుల సగటుల మధ్య కనిపించే తేడా నమ్మదగినదా కాదా అని చూసే లెక్క అది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి నేను ఆర్డినరీ బస్సులోనూ వెళ్తాను, ఎక్స్‌ప్రెస్‌లోనూ వెళ్తాను. సగటున ఎక్స్‌ప్రెస్ కాస్త ముందు చేరుస్తుంది. కానీ ఒక్కో బస్సే ఒకరోజు తొందరగా, ఒకరోజు ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఆలస్యంగా చేరుతుంటే, ఆ కాస్త తేడాను ఏం నమ్ముతాం? అదే రెండు బస్సులూ రోజూ ఇంచుమించు ఒకే వేళకు చేరుతుంటే, అంత చిన్న తేడా కూడా నిజమే అనుకోవచ్చు. సగటుల మధ్య దూరాన్ని, ఒక్కో గుంపు లోపలి ఎగుడుదిగుళ్లతో పోల్చడమే టీ-టెస్ట్ అంటే. అసలు తేడాయే లేకపోతే ఇంత దూరం కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంత ఉందో చివర ఒక అంకెలో చెబుతుంది. దాన్ని పి-వాల్యూ అంటారు. అది ఎంత చిన్నదైతే, ఉత్తినే వచ్చిన తేడా అని కొట్టిపారేయడం అంత కష్టం.

రెండు నిలువు వరుసలు పెట్టాను. ఒకవైపు ఆమె వంటకు ప్యాకింగ్ హాలు వేసిన మార్కులు, ఇంకోవైపు వ్యాను భోజనానికి ప్రొడక్షన్ బ్లాకు వేసిన మార్కులు. మెనూలో ఇండిపెండెంట్ శాంపిల్స్ అన్నచోట నొక్కాను. పి-వాల్యూ ఈగ కాలంత వచ్చింది. వ్యాను సగటు పైన, ఆమె సగటు చాలా కింద.

"సిగ్నిఫికెంట్ కదా మేడమ్?"

"తేడా ఉన్నది సార్. దేంట్ల ఉన్నదో మాత్రం కంప్యూటర్ జెప్పలే."

"ఫుడ్‌లో మేడమ్. ఇంకేముంటుంది?"

"తిండి వేరే, తిన్నోళ్లూ వేరే. రెండూ ఒక్కసారే మారినయి. ఏది చేసిందో ఎట్ల జెప్తది?"

ఆయన చిరునవ్వు నవ్వి, ఫలితం ప్రింటు తీసుకుని వెళ్లిపోయాడు. సోమవారం మీటింగులో పెడతానన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆమె మీద జాలితో కాదు. ఆమె సగటు అంత కిందికి ఎందుకు పోయిందో నాకు అర్థం కాకపోవడం వల్ల. ఆ హాలులో ఆడవాళ్లు రోజూ రెండోసారి కంచం పట్టుకుని పోవడం నా కళ్లతో చూస్తున్నాను మరి.

ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న లక్డారం ఆమెను అడిగాను.

"పప్పు మంచిగ లేదా?"

"ఎందుకు లేదు? వేళ్లు నాకుతున్న, కనబడ్తలేదా?"

"మరి చీటీల ఎంతేసినవ్?"

"ఏడు."

"ఏడేంది? ఏం తక్కువైంది?"

"తక్కువేం గాలే. పదికి పది ఏస్తే నజర్ తాకదా ఆమె చేతికి? రేపు చెయ్యి కాల్చుకుంటే నువ్వు వండుతవా?"

ఎదురుగా కూర్చున్నామె అందుకుంది. "నేను ఆరే ఏసిన. నిరుడు మా మన్మనికి టీచర్ నూటికి నూరేసింది. తెల్లారేసరికి జెరమొచ్చింది."

"ఆరంటే గూడ ఎక్కువనే. నేనైతే ఐదేసిన. ఆమె చెయ్యి సల్లగుండాలె."

అందరికంటే పెద్దామె, పచ్చిపులుసు గిన్నె వదలకుండా అంది. "నాకు దాని పచ్చిపులుసంటే పాణం. నాలుగేసిన."

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టి లెక్క వేసుకున్నాను. అంటే ఈ హాలులో ఎవరికి ఆమె వంట ఎంత ఇష్టమో వాళ్లు, దిష్టి తగలకూడదని, అన్ని మార్కులు తగ్గించారు. ఇంకాస్త ప్రేమిస్తే సున్నా వేసి ఆమెను ఇంటికే పంపేవాళ్లు.

సాయంత్రం టీ వేళ ప్రొడక్షన్ బ్లాకు వైపు వెళ్లాను. మిషన్ నడిపే బీహార్ అబ్బాయి ఒకడు నాకు తెలుసు. వ్యాను భోజనానికి ఎంత వేశావు అని అడిగితే పది అన్నాడు. అంత బాగుందా అంటే ముఖం అదోలా పెట్టాడు.

"ఠీక్ హై దీదీ. దాల్ మే పానీ జ్యాదా హై."

"పప్పులో నీళ్లెక్కువైతే మరి పది ఎందుకు వేశావురా?" అని నాకు వచ్చిన హిందీలో అడిగాను.

అన్నం పెట్టినవాళ్లకు నంబర్లు కోయడం ఏమిటి దీదీ, మా ఇంట్లో అలా నేర్పలేదు అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లందరూ అవునవునన్నారు.

మరునాడు నేనే మేనేజర్ గదికి వెళ్లాను. "సార్, ఒక్క నిమిషం" అని మొదలుపెట్టాను, ఆయన పద్ధతిలోనే.

"మీరు చేసింది తిండి సర్వే గాదు సార్. మర్యాదల సర్వే. ఒక హాలుల ఇష్టమైనోళ్లకు తగ్గించుడు మర్యాద. ఇంకో హాలుల పెట్టినోళ్లకు నిండా ఏసుడు మర్యాద. గా తేడానే మీ పి-వాల్యూ."

ఆయన విని, "మూఢనమ్మకాలకు స్టాటిస్టిక్స్‌లో చోటు లేదు మేడమ్" అన్నాడు.

"మీరు చోటియ్యకపోయినా అవి వచ్చి కూసున్నయి సార్. మీ మొదటి నిలువు వరుసలనే."

"సరే, ట్రైనింగ్ ఇద్దాం. ఆబ్జెక్టివ్‌గా మార్కులు వేయమని చెబుదాం."

"చెప్పుండ్రి. తలూపుతరు. మళ్లీ ఏడే ఏస్తరు."

అప్పుడు మా నాన్న దుకాణం సంగతి చెప్పాను. దుకాణంలో రెండు కాంటాలు ఉండేవి. ఒకటి ఎప్పుడూ కొంచెం తక్కువ చూపేది, రెండోది కొంచెం ఎక్కువ. బెల్లం ముద్దను ఒకదాని మీద, చింతపండు ముద్దను ఇంకోదాని మీద పెట్టి ఏది బరువో చెప్పమంటే మా నాన్న నవ్వేవాడు. రెండింటినీ ఒకే కాంటా మీద పెట్టు, ఆ కాంటా తక్కువ చూపేదైనా ఫర్వాలేదు, ఏది బరువో తెలిసిపోతుంది అనేవాడు.

"గా ఆడోళ్లు తక్కువ చూపే కాంటాలు. గా పిల్లలు ఎక్కువ చూపే కాంటాలు. కాంటాలను బాగుచేసే పని మీకెందుకు? రెండు తిండ్లూ ఒక్కొక్కరితోని తినిపించుండ్రి. ఒక్కొక్కరి రెండు మార్కుల నడుమ తేడా చూద్దాం. పెయిర్డ్ టీ-టెస్ట్ ఉన్నదే గందుకు."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు.

"ఆమెతో మీకు పడదని విన్నాను. ఆమె కోసం ఇంత పోరాడుతున్నారేంటి?"

"ఆమె పప్పు గురించి ఆమెతోని కొట్లాడ్త. మీ లెక్క గురించి మీతోని కొట్లాడ్త. రెండూ కలపకుండ్రి సార్."

ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే సోమవారం మీటింగులో అందరి ముందూ ఇదే కథ మళ్లీ చెబుతానని ఆయనకు అర్థమై ఉంటుంది. ఒక వారం ప్యాకింగ్ హాలుకు వ్యాను, ప్రొడక్షన్ బ్లాకుకు ఆమె వంట. తర్వాతి వారం అటుది ఇటు, ఇటుది అటు. ముందు తిన్నదనో, తర్వాత తిన్నదనో ఒకదానికి మార్కులు పెరగకుండా ఉండాలని అలా పెట్టాం. ఒకే మనిషి రెండు చీటీలనూ జత కలపాలి, పేరు మాత్రం ఉండకూడదు. అందుకని ఎవరికి తోచిన గుర్తు వాళ్లు చీటీ మూలన గీసుకోవాలని, రెండోవారం అదే గుర్తు వేయాలని చెప్పాం.

ప్యాకింగ్ హాలులో నిలబడి నేను చెప్పింది ఒక్కటే. "పది ఏయమంటలేను. మీరెంత తక్కువ ఏసినా సరే, రెండింటికీ ఒక్కటే చేత్తోని ఏయుండ్రి."

"గట్లయితే సరే" అన్నారు. వాళ్లకు నేను వివరించాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

ఇక మిగిలింది వంటశాల. అక్కడికి వెళ్లక తప్పలేదు. ఈ రెండు వారాలు స్పెషల్‌గా ఏమీ చేయకూడదని, రోజూ చేసేదే చేయాలని ఆమెకు చెప్పాలి. లేకపోతే లెక్క చెడుతుంది. ఆమె పెద్ద గుండిగలో గరిటె తిప్పుతూ నా వైపు చూడకుండానే విన్నది.

"స్పెషల్ జేసుడేంది? నేనేమన్న పెండ్లిచూపులకు కూసుంటున్ననా?"

"గట్ల గాదక్కా, యాడ ఓడిపోతమోనని ఎవరికైనా భయముంటది గదా..."

"ఎవరు ఓడేది? గా డబ్బాల కూడుతోనా?" గరిటెను గుండిగ అంచున కొట్టి నా వైపు తిరిగింది. "నీకేం గావాలె ఇందుల? నేను పోతే నీకు హాయే గదా."

"హాయే. గని తప్పు లెక్కతోని పోవద్దు."

ఆమె మళ్లీ గుండిగ వైపు తిరిగి, కొలవకుండానే పిడికెడు ఉప్పు తీసి వేసింది.

వ్యాను భోజనం తిన్న వారంలో మా ఆడవాళ్లు ఇళ్ల నుంచి కారప్పొడి, నిమ్మకాయ తొక్కు పచ్చడి తెచ్చుకున్నారు. మొదటిరోజే మేనేజర్ పరుగెత్తుకొచ్చి అవి కలుపుకోవద్దు, మార్కులు మారిపోతాయని బతిమాలాడు. పెద్దామె ఆయన చేతిలో ఇంత తొక్కు పెట్టి తినమంది. తిన్నాడు. ఆ తర్వాత తొక్కు సీసాలన్నీ నా టేబుల్ అరలో పెట్టించాను, వారమంతా నా ఫైళ్లు వెల్లుల్లి వాసన కొట్టాయి. అటువైపు కుర్రాళ్లు ఆమె పప్పు తిని ముక్కులు తుడుచుకుంటూనే మళ్లీ మళ్లీ పోయించుకున్నారు.

చీటీలు జత కలపడమే పెద్ద పనైంది. ముగ్గులో ఒక రెక్క, దువ్వెన, సగం చంద్రుడు, క్రికెట్ బ్యాటు, రకరకాల గుర్తులు. ఒక చీటీ మీద బర్రె ఉంది. రెండోవారం చీటీ మీద కూడా బర్రె ఉంది, కానీ తల ఇటు తిరిగి ఉంది. ఒకటే బర్రెనా, రెండు బర్రెలా? జంట తప్పితే ఆ రెండు మార్కులూ పనికిరావు. రెండూ పట్టుకుని హాలులోకి పోయి, "ఎవరిదమ్మా ఈ బర్రె?" అని అడిగాను. పేరు బయటపడకూడదన్న నియమం అక్కడే గాలికి పోయింది.

"నాదే మేడమ్" అంది ఒకామె, టేపు అంటిస్తూ. "ఒక్కటే బర్రె. పోయిన వారం మేతకు పోతుండె, ఈ వారం ఇంటికొస్తుంది."

మేనేజర్‌ను పక్కనే కూర్చోబెట్టుకుని లెక్క చేశాను. ముందు ఆయన ఇష్టప్రకారం సగటులే చూశాం. ఆమె వంటకు మా ఆడవాళ్లు వేసిన సగటు, నీళ్ల పప్పుకు ఆ కుర్రాళ్లు వేసిన సగటు కంటే ఇప్పుడూ కిందే ఉంది. ఆయన నా వైపు చూశాడు. ఆగండి అన్నాను. ఒక్కొక్కరి మార్కుల్లో ఆమె దాన్లోంచి వ్యానుది తీసేసి, తేడాలతో ఒకే నిలువు వరుస తయారుచేశాను. ఆమెకు ఏడు, వ్యానుకు ఐదు. ఐదు, నాలుగు. నాలుగు వేసిన పెద్దామె వ్యానుకు ఒకటి వేసింది. కుర్రాళ్లలో చాలామంది రెంటికీ పదే వేశారు, వాళ్ల తేడా సున్నా. కొందరు మాత్రం మనసు చంపుకుని వ్యానుకు తొమ్మిది వేశారు. వాళ్లకు ఆ ఒక్క మార్కు కోయడం ఎంత కష్టమైందో పాపం. కారం తట్టుకోలేక ఆమెకే తగ్గించినవాళ్లూ ఉన్నారు. పనీర్ ముక్కలకు లొంగిపోయి వ్యానుకు ఎక్కువ వేసినామె మా హాలులోనూ ఉంది, ఎవరో నాకు తెలుసు, చెప్పను.

పెయిర్డ్ శాంపిల్స్ అన్నచోట నొక్కాను. తేడాల సగటు సున్నాకు పైన, స్పష్టంగా ఆమె వైపు ఉంది. పి-వాల్యూ మళ్లీ చిన్నదే. ఈసారి అది చెప్పింది వంట గురించి.

"అంటే నేను మొదట చేసింది తప్పా మేడమ్?" అన్నాడు ఆయన, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"కంప్యూటర్ తప్పు చెప్పలే సార్. గా రెండు హాళ్ల మనుషులు ఒక్క తీరుగ మార్కులేయరని చెప్పింది. మనకు గావాల్సింది గది గాదు."

ఆ తర్వాత వచ్చిన సోమవారం మీటింగులో ఆయనే స్వయంగా చెప్పాడు, నన్ను మాట్లాడనివ్వకుండా. బాగానే చెప్పాడు. ప్లాంట్ హెడ్ కెమిస్ట్రీ మనిషి కాబట్టి సగంలోనే అర్థమైపోయింది. ఇద్దరు అనలిస్టులను పోల్చాలంటే ఒకే బిళ్లను ఇద్దరికీ ఇస్తాం కదా, ఇందులో కొత్తేముంది అన్నాడు. వ్యాను ఆగిపోయింది. పొయ్యి ఆగలేదు.

ఆ మధ్యాహ్నం పని తెమలక నేను భోజనానికి పోలేదు. చూస్తే ఆమె నా గది గుమ్మంలో నిలబడి ఉంది. క్వాలిటీ విభాగంలోకి రావాలంటే చెప్పుల మీద తొడుగులు వేసుకోవాలి. అవి వేసుకోవడం ఇష్టం లేక గడప అవతలే ఆగింది.

"నువ్వు గూడ చీటీ ఏసినవంట గదా. నాకెంతేసినవ్?"

"ఆరు."

"గా వ్యానుకు?"

"ఐదు."

"ఒక్కటేనా ఎక్కువ?"

"ఒక్కటే."

"నజర్ తాకుతదని తగ్గించినవా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. "లేదు. ఆరుకే ఆరేసిన" అన్నాను.

కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే నేను, నాతోని పనిజేసే ఆడోళ్లు నలుగురు, గిసొంటి ఒకటీ రెండు మార్కుల మీదనే నిలబడ్డమా?"

"ఒక్కరిదైతే నిలబడకపోతుండె అక్కా. శానమంది తేడాలు ఒక్క దిక్కే ఉన్నయి. గందుకు నిలబడ్డది."

"నీ ఒక్కటి గూడ అండ్ల ఉన్నట్టేనా?"

"ఉన్నది."

తల ఆడించింది. వెళ్లబోతూ మళ్లీ తిరిగింది.

"బువ్వ తిన్నవా?"

"ఇంకా లేదు."

"మరి లెవ్వు, రా. నేను గిన్నెలు కడిగిస్తే మళ్లెవరు పెడ్తరనుకున్నవ్, వ్యానోడా?"